తాత చెప్పిన చోట చేప లేదు

మా పాళెంలో నా మాటకు ఎంత విలువ ఉందంటే, ఇవాళ వాన వస్తుందని నేను చెబితే ఆడవాళ్ళు వెంటనే ఎండుచేపలు ఆరబోసుకుంటారు.

అందులో నా తప్పేమీ లేదు. నలభై అయిదేళ్ళు సముద్రం మీద తిరిగిన మనిషి చెప్పే సంగతులు ఒడ్డున కూర్చున్నవాళ్ళకు అబద్ధాల్లాగే ఉంటాయి. ఒకసారి నా గాలానికి పడిన వంజరం నా తెప్పను కృష్ణపట్నం దాకా లాక్కుపోయింది. రేవు కనబడగానే నేను ఆ చేపకు దండం పెట్టి దిగిపోయాను. ఇది చెబితే ఒక్కడూ నమ్మలేదు. తెప్ప కృష్ణపట్నంలో ఉండడం మాత్రం అందరూ చూశారు.

ఇప్పుడు చెప్పబోయేది పోయిన ఎండాకాలం సంగతి. ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పద్నాలుగు దాకా చేపలు గుడ్లు పెట్టే కాలమని మోటారు పడవలు సముద్రంలోకి పోకూడదు. అరవై ఒక్క రోజులు. పడవలన్నీ ఇసుకలోకెక్కి పడుకుంటాయి. వాటి నీడన మగవాళ్ళు పడుకుంటారు. నిషేధం పెట్టిన కొత్తలో ఆ రెండు నెలలూ వలలు బాగుచేసుకుంటూ పులిజూదం ఆడుకునేవాళ్ళం. ఇప్పుడు వల ఒళ్ళో ఉంటుంది, ఫోను చేతిలో ఉంటుంది.

మా ఇంట్లో ఆ ఏడు ఆటగాళ్ళు ముగ్గురు. మనవడు చిన్నాకు ఇరవై నాలుగేళ్ళు, పడవ మీద పోయేవాడు. వాడికి తుపాకుల ఆటలు కావాలి. వాడి చెల్లెలు ధనలక్ష్మి నెల్లూరులో కంప్యూటరు చదువు అప్పుడే ముగించింది. మూడోది ధనలక్ష్మి స్నేహితురాలు షాహిస్తా. మాకు వలలూ తాళ్ళూ అమ్మే సిలార్ సాయిబు కూతురు. బొమ్మలు బాగా వేస్తుంది. ఆ పిల్లకు తోటలు పెంచడం, రంగు పలకలు సర్దడం లాంటి నెమ్మదైన ఆటలు ఇష్టం. పొద్దున తొమ్మిదికల్లా మా వసారాలో ఉండేది. తొమ్మిదీ పదికల్లా పోట్లాట మొదలయ్యేది.

"వందమంది విమానంలోంచి దూకుతారు. ఆఖరికి ఒక్కడు మిగలాల. ఆటంటే అదీ," అనేవాడు చిన్నా.

"ఆ ఒక్కడు ఏనాడూ నువ్వు కాదు గదన్నా. నువ్వు మొదటి ఇంట్లోనే పోతావు. నా తోటలో ఈ పాటికి నలభై వంకాయలు కాసినాయి."

"వంకాయలు కొయ్యడానికి ఫోనెందుకు మే? మా పెరట్లోకి రా, నిజమైనవి కోద్దువు."

"మీ ఇద్దరివీ ఒకటే," అనేది ధనలక్ష్మి, కంప్యూటరు లోంచి తలెత్తకుండా. "అన్నది యాభైమంది చేసేసిన ఆటే. పేరు మార్చినారు, తుపాకీ రంగు మార్చినారు. నీది అంతకంటే పాతది. అందరూ పక్కోడి పేపర్లో చూసి రాసినోళ్ళే."

నా భార్య కామమ్మ వీళ్ళ ముగ్గురినీ దాటుకుంటూ, "ఒకరోజు ఆ ఫోన్లన్నీ పొయ్యిలో పెడతా చూడండి," అనేది. అదే కామమ్మ మధ్యాహ్నం పెరట్లో చేపలు తోముతూ, షాహిస్తా ఫోనును చెంబుకు ఆనించి పెట్టుకుని, చిటికెన వేలితో రంగు పలకలు సర్దుతుండేది. నేను చూశాను. చూశానని చెప్పి ఉంటే ఆ పూట నాకు కూర ఉండేది కాదు. అసలే డబ్బాలో ఎండు నెత్తళ్ళు అయిపోయాయని ఆ రోజే అడిగింది. "ఏమయ్యా, నువ్వేనా తినింది?" అంటే మోకాలు గోక్కుంటూ, "నేనే," అన్నాను. నా మాట ఏదీ నమ్మని మనిషి దాన్ని మాత్రం వెంటనే నమ్మింది.

నా కొడుకు చిన్నపోలయ్య రేవులో క్రేన్ నడుపుతాడు. వాడు ఆ నెల్లోనే ఒక కబురు తెచ్చాడు. రేవు దగ్గర ఒక కంపెనీ ఆఫీసులో, లారీలు తూకం వేసే చోట, కంప్యూటరు ముందు కూర్చునే పని. జూన్ పదిహేనున చేరాలి. మంచి పనే. కంపెనీ బండి ఇంటి దగ్గరికే వస్తుంది.

ధనలక్ష్మి దగ్గర వేరే కబురుంది. హైదరాబాదులో ఆటలు తయారుచేసేవాళ్ళు పదిమంది పిల్లల్ని తీసుకుని, ఏడాదిపాటు దగ్గర పెట్టుకుని పని నేర్పిస్తారట. దానికి ఒక ఆట తయారుచేసి మే నెలాఖరులోగా పంపాలి. ఆ ఆట ఎవరూ ఇంతవరకు ఆడి ఉండనిది కావాలి.

"నాయనా, ఒక్క ఆట చేస్తా. అది వాళ్ళకు నచ్చకపోతే పదిహేనో తేదీ ఆ బండెక్కుతా," అంది.

చిన్నపోలయ్య నవ్వలేదు, కోప్పడలేదు. "నచ్చకపోతే మళ్ళీ ఈ ఊసు ఎత్తకూడదు," అన్నాడు.

"ఎత్తను."

నా మనవరాలు మాట ఇచ్చిందంటే అది నా మాటలాంటిది కాదు.

*

ఇరవై రోజుల్లో ఆరు ఆటలు మొదలుపెట్టింది, ఆరూ చెరిపేసింది. ఒకదాంట్లో పీత పరుగెత్తేది. నాకు బలే నచ్చింది. షాహిస్తా చూసి, "ఇది ఆ పరుగెత్తే ఆటే గదే, మనిషి బదులు పీత," అంది. పీత చచ్చిపోయింది. ఇంకోదాంట్లో ఒకే రంగు చేపలు మూడు చేరితే మాయమైపోయేవి. "అవ్వ దొంగతనంగా ఆడేది ఇదే," అన్నాడు చిన్నా. పెరట్లో గిన్నె ఒకటి గట్టిగా కిందపడింది. ఆ చేపలూ పోయాయి.

"తాతా, నా బుర్రలో ఏం పుట్టినా అది ముందే ఇంకెవరికో పుట్టుంటాది," అంది ధనలక్ష్మి నా పక్కన కూలబడి.

"నాకా బాధ లేదమ్మా. నాకు జరిగినవి ఇంకెవరికీ జరగలా."

"అవి నీక్కూడా జరగలేదు గదా తాతా."

నవ్విందని సంతోషించాను కాని, ఆ నవ్వు కళ్ళ దాకా పోలేదు. ఆ పిల్లకు కాస్త సాయం చేద్దామని, ముందు ఈ ఆటలేమిటో తెలుసుకుందామని, చిన్నా ఫోను అడిగి తీసుకున్నాను. విమానంలోంచి దూకాను. మిగిలినవాళ్ళంతా తుపాకుల కోసం పరుగెత్తారు. నాకు దిగిన చోటే ఒక తుపాకీ, దాని పక్కన ఒక పొద కనిపించాయి. అందులో కూర్చున్నాను. గాలం వేసి కదలకుండా కూర్చోవడం నాకెవరూ నేర్పక్కర్లేదు. తొంభై ఎనిమిదిమంది ఒకర్నొకరు చంపుకున్నారు. ఆఖరికి నేనూ ఇంకొకడూ మిగిలాం. అప్పుడు నాకు తుమ్ము వచ్చింది. ఆ తుమ్ముకు వేలు తగిలి తుపాకీ పేలింది. నేనెక్కడున్నానో వాడికి తెలిసిపోయింది. వందమందిలో రెండోవాణ్ణి, ఒక్క గుండు వృథా చేసి! చిన్నా ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

ఫోను తిరిగి ఇచ్చేటప్పుడు అడిగాను. "మూలన ఆ గుండ్రంగా ఉండేదేందిరా?"

"మ్యాపు తాతా. నువ్వు యాడుండావో, యాడికి పోవాల్నో చుక్క పెట్టి చూపిస్తాది."

"నా తోటలో కూడా ఉండాది తాతా. అన్ని ఆటల్లో ఉంటాది," అంది షాహిస్తా.

"దారంతా చూపించి పొమ్మంటే ఎద్దు కూడా పోతాది. ఇంక అందులో ఆటేముందిరా? సముద్రం మీద మాకెవుడు పెట్టినాడు చుక్క?"

ధనలక్ష్మి తలెత్తింది. "మరి మీరెట్టా పోయినారు? అన్న దగ్గర జీపీఎస్ ఉండాది. మీకేముండాది?"

"ఆనవాళ్ళు."

"అంటే?"

నోటితో చెబితే అర్థమయ్యేది కాదు. మోటారు లేని తెప్పకు నిషేధం లేదు. మర్నాడు పొద్దున్నే పిల్లను ఎక్కించుకుని తోసుకుంటూ పోయాను. అలలు దాటినాక ఒడ్డు వైపు తిరిగి కూర్చోమన్నాను.

"మసీదు మినారు కనపడుతుండాదా? దాని వెనకాల దూరంగా థర్మల్ పొగగొట్టాలు ఉండాయే, చూడు. ఇప్పుడు రెండో పొగగొట్టం మినారుకు ఎడమపక్క ఉండాది. మనం జరిగేకొద్దీ అదీ జరుగుతాది."

తెడ్డు వేశాను. పొగగొట్టం మెల్లగా జరిగి, మినారు వెనక్కి పోయి దాక్కుంది.

"ఇప్పుడు మనం ఒక గీత మీదుండాం. ఆ మినారు నుంచి మన దాకా గీసిన గీత. ఇక అటుపక్క గోపురమూ నీళ్ళ ట్యాంకూ చూడు. అవి రెండూ ఒకదాని మీదికొకటి వస్తే అది రెండో గీత. రెండు గీతలూ కలిసేది సముద్రమంతా కలిపి ఒక్కచోటే."

పిల్ల తెప్ప మీద లేచి నిలబడింది. "కూచోమే, పడితే మీ అవ్వకు నేను జవాబు చెప్పుకోవాల," అన్నా వినలేదు. ముందుకు పొమ్మంది, వెనక్కి రమ్మంది. పొగగొట్టం మినారు వెనక దాక్కున్నప్పుడల్లా ఊపిరి బిగబట్టేది. బయటికి వచ్చినప్పుడల్లా నవ్వేది. పదిసార్లు అటూ ఇటూ తిప్పించింది. నా రెక్కలు పడిపోయాయి కాని, నలభై అయిదేళ్ళు రోజూ చూసినదాన్ని ఆ పిల్ల చూస్తుంటే, నాకూ అది మొదటిసారి చూసినట్టుంది.

"తాతా, ఇది ఎవురూ చెయ్యలా," అంది ఆఖరికి. "మ్యాపు లేని ఆట. ఒడ్డును చూసుకుంటా నీళ్ళమీద చోటు కనుక్కునే ఆట. ఎవురూ చెయ్యలా!" తరవాత నా ముందు కూర్చుని అడిగింది. "నీ వంజరం చోటు యాడ తాతా? ఆ రెండు గీతలు చెప్పు."

ఇక్కడ మావాళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. మాలో ఎవరి చేపల చోటు వాళ్ళదే. తండ్రి సముద్రానికి పోవడం మానుకున్న రోజున కొడుకును తీసుకుపోయి చూపిస్తాడు. నాకు మా నాయన అట్లాగే చూపించాడు. నా కొడుకు క్రేన్ ఎక్కాడు, మనవడు జీపీఎస్ కొన్నాడు. ఆ చోటు నా దగ్గరే ఉండిపోయింది. ఇంకెవరైనా అడిగితే చెప్పనని అనకూడదు, అది మర్యాద కాదు. చెప్పాలి. తప్పు చెప్పాలి. అడిగినవాడికీ అది తెలుసు. తల ఊపి, సంతోషమని చెప్పి, ఇంకోపక్కకు పోతాడు. తెప్ప మీద పుట్టి పెరిగినవాళ్ళందరికీ ఇది తెలుసు. ఆడపిల్లల్ని మామూలుగా తెప్ప ఎక్కించం కాబట్టి ధనలక్ష్మికి తెలియదు.

నేను పిల్ల కళ్ళలోకి సూటిగా చూశాను. రెండు చేతులూ బారచాపి చెప్పాను. "ఇందాక నీకు చూపించినవే. మసీదు మినారు వెనక్కి రెండో పొగగొట్టం, గోపురం మీదికి నీళ్ళ ట్యాంకు. ఆడ వంజరాలు ఎట్టుంటాయంటే, వల వెయ్యనక్కర్లా, పేరు పెట్టి పిలిస్తే చాలు."

నోరు దానంతటదే చెప్పేసింది. పిల్ల పుస్తకంలో రాసుకుంది.

*

తరవాత రెండు వారాలు మా వసారా వసారాగా లేదు. షాహిస్తా ఒడ్డంతా తిరిగి మినారు, గోపురం, తాటిచెట్లు, ఐస్ ఫ్యాక్టరీ రేకులు, అన్నీ బొమ్మలు వేసింది. చిన్నా పడవలో లోతు చూపించే మిషనుంది. రెండేళ్ళుగా వాడు తిరిగిన చోటల్లా అడుగు ఎంత లోతో, రాయో బురదో అందులో నిలవుంది. ధనలక్ష్మి ఆ లెక్కలన్నీ కంప్యూటరులోకి ఎక్కించింది. చేపల్ని తన చేత్తో ఎక్కడా పెట్టలేదు. నిజం సముద్రంలో లాగే రాతిబండ ఉన్న చోటికి వాటంతటవే చేరేట్టు చేసింది. నేను చూస్తుండగా ఆ చిన్న తెర మీద మా ఒడ్డు తేలింది. తెడ్డు వేస్తే పొగగొట్టం జరిగింది. నా మనవరాలు సముద్రాన్ని తెచ్చి వసారాలో పెట్టింది! ఇది అబద్ధమనుకునేవాళ్ళు మా ఇంటికి రావచ్చు.

అన్నీ అయినాక, నేను చెప్పిన చోటికి తెప్ప తోలి గాలం వేసింది. చేప రాలేదు.

మళ్ళీ వేసింది. రాలేదు.

"లెక్క యాడో తప్పినా," అంది. "తాత చెప్పిన చోట చేప రావాల. రాలేదంటే తప్పు నాదే."

నాలుగు రోజులు వెతికింది. రాసిందంతా మొదటి నుంచి చదివింది. సగం విప్పి మళ్ళీ కట్టింది. షాహిస్తా పక్కన కూర్చుని ఒక్కో వరసా వేలు పెట్టి చదివింది. నేను గోడకానుకుని వల కడుతున్నట్టు కూర్చున్నాను. ఆ నాలుగు రోజుల్లో ఒకే ముడి అరవైసార్లు వేసి ఉంటాను.

"పిల్ల అన్నం తినలా. ఏమయ్యా, నీకేమన్నా తెలుసా?" అంది కామమ్మ.

"కంప్యూటరు సంగతి నాకేం తెలుసు మే?" అన్నాను రెండు చేతులూ తిప్పుతూ. కామమ్మ నా వైపు కాసేపు చూసి లోపలికి పోయింది.

అయిదో రోజు మాలకొండయ్య వచ్చాడు. నా ఈడువాడు. నలభై ఏళ్ళు నా తెప్పతో పోటీపడి, ముప్పై తొమ్మిదేళ్ళు ఓడిపోయినవాడు. (ఆయన లెక్క వేరేగా ఉంటుంది.) ధనలక్ష్మి ఆయనకు ఆట చూపించి, "ఈడ వంజరం రావాల తాతా, రావడం లేదు. పంపడానికి ఇంక వారమే ఉండాది," అంది.

మాలకొండయ్య తెర మీదికి వంగి మినారును చూశాడు, పొగగొట్టాన్ని చూశాడు, ట్యాంకును చూశాడు. పకపకా నవ్వాడు. పైపళ్ళ సెట్టు ఊడితే చేత్తో పట్టుకుని మళ్ళీ నవ్వాడు.

"నీ లెక్క సరిగ్గానే ఉండాది తల్లీ. ఆడుండేది నడుంలోతు బురద. నీ కంప్యూటరుకు తెలిసింది, నీకు తెలీలా. తప్పు ఆ పెట్టెలో లేదు. అదిగో, ఎర్ర తువాలు కట్టుకోని గోడకు కూచోనుండాడే, ఆయనలో ఉండాది."

ధనలక్ష్మి నా వైపు తిరిగింది.

"తాతా, నాక్కూడానా?"

అంతే అడిగింది.

"అలవాటు తల్లీ," అన్నాను మోకాలు గోక్కుంటూ. "అడిగింది ఎవురో చూసుకోకుండా నోరు చెప్పేసింది."

కంప్యూటరు మూసేసింది. మర్నాడు పొద్దున చిన్నపోలయ్య డ్యూటీకి పోతుంటే గుమ్మంలో నిలబడి, "నాయనా, పదిహేనో తేదీ ఆ బండి ఎన్నింటికి వస్తాది?" అని అడిగింది. వాడు కూడా సంతోషపడలేదు. "ఏడున్నరకు," అన్నాడు నేల చూసుకుంటూ.

ఆ తరవాత పిల్ల పుస్తకం తీసుకుని బయటికి పోయింది. కోపంతో పోయిందనుకున్నాను. పడవల నీడన కూర్చున్న ముసలివాళ్ళ దగ్గరికి పోయిందట. మాలకొండయ్యను, ఇంకో నలుగురిని, ఒక్కొక్కరిని విడిగా అడిగిందట. "తాతా, ఒక్క నిజమైన చోటు చెప్పు, నీకు పుణ్యముంటాది." అయిదుగురూ చెప్పారు. మధ్యాహ్నం ఇంటికొచ్చి కంప్యూటరు తెరిచింది. కాసేపటికి లోపల్నుంచి నవ్వు వినిపించింది. ఆగని నవ్వు. నేనూ కామమ్మా భయపడి పరుగెత్తాం.

"అందరూ తాతా! అందరూ అబద్ధమే చెప్పినారు!" కళ్ళు తుడుచుకుంటూ తెర చూపించింది. "మాలకొండయ్య తాత చెప్పిన గీతలు కలిసేది యాడో తెలుసా? నీళ్ళలో కాదు. ఒడ్డు మీద. ఐస్ ఫ్యాక్టరీలో!"

"చేపలుండేది ఆడే గదా," అన్నాను.

నవ్వుతున్న పిల్ల ఠక్కున ఆగిపోయింది. నా వైపు కాదు, నన్ను దాటి ఎటో చూసింది. "తాతా," అంది మెల్లగా. "ఆట ఇదీ."

*

ఆ వారం రోజుల్లో ఆ పిల్ల చేసింది ఇది. ఆట మొదలవగానే నువ్వు ఒడ్డున ఉంటావు. పడవల నీడన అయిదారుగురు ముసలివాళ్ళు కూర్చుని ఉంటారు. మ్యాపు లేదు, చుక్క లేదు. వాళ్ళనే అడగాలి. అందరూ చెబుతారు, అందరూ అబద్ధమే చెబుతారు. కాని ఒక్కొక్కడి అబద్ధం ఒక్కో రకం. ఒకడు ఎప్పుడూ దక్షిణానికి జరిపి చెబుతాడు. ఒకడు దూరాన్ని రెట్టింపు చేస్తాడు. ఒకడు పక్కవాడి మీద కోపమున్న రోజున పక్కవాడి చోటు నిజంగా చెప్పేస్తాడు. ఎవడి అబద్ధం ఎట్లాంటిదో తెలుసుకుంటే చేప దొరుకుతుంది. మనిషిని చదవకపోతే సముద్రంలో చేప లేదు.

మొదట చిన్నా ఆడాడు. ఆరుసార్లు ఖాళీ తెప్పతో ఒడ్డుకొచ్చాడు.

"ధనా, ఒక్క తుపాకీ పెట్టుమే. ఒక్కటే. ఆ ఎర్ర తువాలు ముసలోణ్ణి కాల్చినాక తీసేద్దువు."

"లేదు. కావాలంటే అలగొచ్చు."

నిజంగానే ఆటలో అలక పెట్టింది. రెండు రోజులు పలకరించకపోతే ముసలివాడే, "ఏం నాయనా, కనపడ్డం లేదే," అని పిలుస్తాడు. చిన్నా అలిగాడు, పిలిపించుకున్నాడు, మళ్ళీ మోసపోయాడు. మూడు రోజులు విమానం ఎక్కలేదు వాడు.

షాహిస్తా గోల వేరు. "ఇంత తొందరెందుకే? ఊరికే వాళ్ళ పక్కన కూచోని వినేది కూడా ఉండాల," అంది. అందుకని ముసలివాళ్ళకు కథలు వచ్చాయి. నా వంజరం కథ నా గొంతుతోనే రికార్డు చేశారు. మా బొమ్మలు వెయ్యడానికి షాహిస్తా రెండు పొద్దులు నా ఎదురుగా కూర్చుంది. సంబంధం లేని ప్రశ్నలు వేసేది. "తాతా, నీ వయసెంత? అవ్వంటే నీకు భయమా? మాలకొండయ్య తాత మంచోడేనా?" నేను జవాబు చెబుతుంటే నా ముఖం చూసేది కాదు, చేతులు చూసేది. బొమ్మలు వేసేవాళ్ళు అంతేనేమో అనుకున్నాను.

పంపడానికి రెండు రోజులుందనగా, తెల్లారి పిల్లను లేపి, "రా," అన్నాను. ఎందుకని అడగలేదు. పుస్తకం తీసుకోలేదు.

తెప్ప చాలా దూరం తోశాను. మసీదు మినారూ రెండో పొగగొట్టమూ కలిసే గీతను దాటి పోయాం. ఒకచోట తెడ్డు ఎత్తి, "చూడు," అన్నాను. ఏది దేని వెనక్కి పోయిందో వేలు పెట్టి చూపించలేదు. మా నాయన కూడా నాకు వేలు పెట్టి చూపించలేదు. పిల్ల ఒడ్డును ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. కాసేపటికి తల ఊపింది. తాడుకు రాయి కట్టి వదిలాను. చుట్టుపక్కలంతా పదహారు బారల లోతు. అక్కడ పదకొండు బారలకే రాయికి రాయి తగిలింది.

"ఇదేనా తాతా?"

"ఇదే," అన్నాను. ఉప్పునీళ్ళకేమో మోకాలు చిమచిమలాడింది, గోక్కున్నాను.

"ఆటలో పెట్టొద్దా?"

"నీకిచ్చినాక ఇంక నాదేముంది? నీ ఇష్టం."

తిరిగి వచ్చేటప్పుడు తెడ్డు నా చేతిలోంచి తీసుకుని తనే వేసింది. వంకరటింకరగా పోయింది తెప్ప.

*

జూన్ పన్నెండున హైదరాబాదు నుంచి కబురొచ్చింది. పదిమందిలో మా పిల్ల ఉంది. ఆటలు చూసినవాళ్ళు ముగ్గురట. ఒకరికి తుపాకుల ఆటలు, ఒకరికి చిక్కుముడులు, ఒకరికి కథలు ఇష్టమట. ఏ ఆట మీదా ముగ్గురికీ పొత్తు కుదరలేదట. ఎర్ర తువాలు ముసలివాడి చేతిలో మాత్రం ముగ్గురూ సమానంగా మోసపోయారట. అట్లా రాశారు.

చిన్నపోలయ్య ఆ కబురును ఫోనులో మూడుసార్లు చదివాడు. హెల్మెట్ తీసుకుని గుమ్మం దాటి, వెనక్కి తిరిగి, "ఆ ఆఫీసాయనకు నేను చెప్పుకుంటాలే," అన్నాడు. రెండడుగులు వేసి మళ్ళీ ఆగాడు. "ఆటలో ఆ తాటిచెట్టు ఇంకొంచెం ఎడమకుండాల. క్రేన్ మీంచి నాకు రోజూ కనపడతాది." వాడు ఎప్పుడు ఆడాడో మాకెవరికీ తెలియదు.

నిషేధం ఆఖరి రోజున ఒడ్డంతా సందడిగా ఉంది. పడవలకు రంగులు, వలలకు పసుపునీళ్ళు. చిన్నా డీజిలు డబ్బాలు మోస్తున్నాడు. నేను ధనలక్ష్మిని పక్కకు పిలిచి అడిగాను.

"ఆ చోటు పెట్టినావా?"

"పెట్టినా. ఎర్ర తువాలు తాత రోజుకొక అబద్ధం చెప్తాడు. ఒక్కసారి మాత్రం నిజం చెప్తాడు. ఎప్పుడు చెప్తాడో తెలీదు."

"ఎవురన్నా నమ్మినారా?"

"హైదరాబాదోళ్ళు ముగ్గురూ నమ్మలా. అన్న నమ్మలా. మాలకొండయ్య తాతయితే నువ్వు చెప్పినదానికి సరిగ్గా ఎదురుదిక్కుకు పోయినాడు." పిల్ల పెరటివైపు చూసింది. "ఒక్కరు నమ్మినారు."

కామమ్మ పీట మీద కూర్చుని చేపలు తోముతోంది. ఫోను చెంబుకు ఆనుకుని ఉంది. నన్ను చూసి కూడా దాచలేదు.

"నలభై ఏడు వంజరాలు పట్టినా," అంది తలెత్తకుండా.

"అది నిజమని నీకెట్టా తెలిసింది మే?"

"అబద్ధం చెప్పేటప్పుడు చేతులు రెండూ గాల్లో ఉంటాయి నీకు. నిజం చెప్పేటప్పుడు మోకాలు గోక్కుంటావు. యాభై ఏళ్ళుగా చూస్తుండా. ఆ సిలార్ కూతురు రెండు రోజుల్లో పట్టేసింది. అదిగో, బొమ్మలో కూడా గోక్కుంటుండాడు చూడు."

చూశాను. ఎర్ర తువాలు కట్టుకున్న ముసలివాడు పడవ నీడన కూర్చుని, కళ్ళు దించుకుని, ఎడమ మోకాలు గోక్కుంటున్నాడు. అచ్చు నేనే.

"యాభై ఏళ్ళుగా తెలిసి, ఒక్కరోజన్నా అబద్ధమని నా నోరు మూయించలేదే?"

కామమ్మ చేప తిప్పి రెండోవైపు పొలుసు తీసింది. "మూయిస్తే ఇంట్లో ఇంకేం వినాల?" అంది.

మర్నాడు పొద్దున పడవలు పోయాయి. ఆ వారంలోనే ధనలక్ష్మి కూడా పెట్టె సర్దుకుని పోయింది. మా ఒడ్డుకు తెలియని ఊళ్ళలో ఎవరెవరో ఇప్పుడు నా పక్కన కూర్చుని చోటు అడుగుతున్నారట. వాళ్ళందరినీ నేను ఓపిగ్గా మోసం చేస్తున్నానట.

ఇంత చదివాక ఆ చోటు ఎక్కడో మీకూ తెలుసుకోవాలని ఉంటుంది. అడిగినవాళ్ళకు చెప్పననడం మా మర్యాద కాదు. మసీదు మినారు వెనక్కి రెండో పొగగొట్టం, గోపురం మీదికి నీళ్ళ ట్యాంకు. సరిగ్గా అక్కడే. ఇది రాసేటప్పుడు నా చేతులు రెండూ కాగితం మీదే ఉన్నాయి.